ఏడంగుళాల పిడుగు

ఐదు పాటలు. అన్నీ కలిపి ఏడు నిమిషాలు. సినిమా పాటలతో పెరిగిన చెవి నాది. ముందు వయొలిన్లు రావాలి, పల్లవి రెండుసార్లు పాడాలి, చరణానికీ చరణానికీ మధ్య ఫ్లూటు పలకాలి. ఈ రికార్డుకు అలాంటి మర్యాదలేవీ తెలియవు. ముల్లు ఆనగానే గిటార్ గీపెట్టింది, డ్రమ్ములు తరుముకొచ్చాయి, ఒకామె గొంతు చించుకుని అరిచింది. ఆ అరుపులో ఏడుపు లేదు, బతిమాలడం అసలే లేదు. రెండోవైపు తిప్పాను. అదీ అయిపోయింది. మళ్లీ మొదటివైపు పెట్టాను. అబ్బ, ఇన్నేళ్లూ ఇది ఎక్కడ దాక్కుంది!

అది 2016లో వచ్చిన 'ట్రాన్స్ డే ఆఫ్ రివెంజ్'. జి.ఎల్.ఓ.ఎస్.ఎస్. అనే హార్డ్‌కోర్ పంక్ బృందానిది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపియా వాళ్ల ఊరు, పాడేది ఒక ట్రాన్స్ మహిళ. ఆ ఏడాదే ఎపిటాఫ్ అనే పెద్ద పంక్ రికార్డు కంపెనీ 50,000 డాలర్లు ఇస్తామంటే వద్దన్నారు. కొద్దిరోజులకే బృందాన్నే చాలించారు. చేసినవన్నీ కలిపినా అరగంట కూడా నిండవు. కంపెనీల పట్ల ఇంత పట్టింపు నాకైతే ఉండేది కాదేమో! 2022లో అదే ఎపిటాఫ్ ఫిలడెల్ఫియా బృందం సోల్ గ్లో చేసిన 'డయాస్పోరా ప్రాబ్లమ్స్' తెచ్చింది. అందులోనూ కోపం ఒక్క పాలు తగ్గలేదు.

ఇంత గరుకు సంగీతాన్ని వినైల్ మీదే ఎందుకు వేస్తారో వింటే తెలిసింది. రికార్డులో ఒకవైపు ఎక్కువ నిమిషాలు ఇరికిస్తే గాడులు దగ్గరవుతాయి, ధ్వని తగ్గించి చెక్కాల్సి వస్తుంది. పాట చిన్నదైతే గాడి విశాలంగా తిరుగుతుంది, ధ్వనిని బాగా పెంచి చెక్కొచ్చు. నిమిషానికి 45 చుట్లు తిరిగే ఏడంగుళాల రికార్డు, నిమిషంన్నర హార్డ్‌కోర్ పాట ఒకదాని కోసం ఒకటి పుట్టినట్టే ఉంటాయి.

చేతిపని కూడా ఈ పంక్ సంప్రదాయంలో భాగమే. 1980లో వాషింగ్టన్ డీసీలో టీన్ ఐడిల్స్ అనే కుర్రాళ్లు విడిపోతూ, ప్రదర్శనల మీద కూడబెట్టిన డబ్బును పంచుకోకుండా ఒక రికార్డు వేయించారు. డిస్కార్డ్ అనే లేబుల్ దాంతోనే మొదలైంది. అట్టలను వాళ్లే కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి అంటించారు. వాళ్ల కథ చదువుతుంటే మన దిగంబర కవులు గుర్తొచ్చారు. 1965లో తమ తొలి సంపుటిని హైదరాబాద్‌లో, అర్ధరాత్రి, ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేసిన వాళ్లు ఈ కుర్రాళ్లను చూస్తే ఏమనేవారో!

హార్డ్‌కోర్ గోడ బద్దలుకొడితే, ఆర్ట్ పంక్ ఆ ఇటుకలతో ఏదో వింత కడుతుంది. మినియాపొలిస్‌కు చెందిన యురేనియం క్లబ్ బృందం గాయకుడు పాడడు. ఆఫీసు నోటీసు చదువుతున్నంత నింపాదిగా మాట్లాడతాడు, వెనక రెండు గిటార్లు సూదుల్లా గుచ్చుతుంటాయి. 2024లో వచ్చిన 'ఇన్ఫంట్స్ అండర్ ది బల్బ్'లో 'ది వాల్' పేరుతో ఒక కథ నాలుగు ముక్కలై పాటల మధ్య దూరుతుంది. మొదటిసారి విసుగనిపించింది. మూడోసారికి ఆ ముక్కల కోసమే ఎదురుచూశాను. దాన్ని విడుదల చేసిన రెండు లేబుళ్లలో స్టాటిక్ షాక్ ఇంగ్లండ్‌ది, యాంటీ ఫేడ్ ఆస్ట్రేలియాది. అమెరికా బృందం, మూడు ఖండాల స్నేహం!

న్యూ ఆర్లీన్స్ బృందం స్పెషల్ ఇంటరెస్ట్‌లో డ్రమ్మర్ లేడు, డ్రమ్ మెషిన్ ఉంది. 2020 నాటి 'ది ప్యాషన్ ఆఫ్' వింటుంటే కాళ్లు డాన్స్ చేయమంటాయి, మాటలేమో ఊరు ఖాళీ చేయిస్తున్న వాళ్లమీద నిప్పులు చెరుగుతుంటాయి. ఇక హరామ్ అనే బృందం సంగతి. న్యూయార్క్‌లో ఉంటూ అరబిక్‌లో పాడతారు. 2017లో టాక్సిక్ స్టేట్ అనే లేబుల్ వేసిన వాళ్ల ఆల్బమ్‌లో నాకు ఒక్క మాట అర్థం కాలేదు. అయినా ఆ గొంతు ఎవరినో నిలదీస్తోందని తెలిసిపోయింది. ఆ భాష వినగానే అనుమానంగా చూసే ఊళ్లో, తర్జుమా కోసం ఆగకుండా అదే భాషలో అరవడం మామూలు తెగింపు కాదు.

వినాలనుకుంటే స్పెషల్ ఇంటరెస్ట్‌తో మొదలుపెట్టండి, చెవికి పట్టుకోవడానికి కనీసం ఒక తాళం దొరుకుతుంది. తర్వాత హరామ్. రికార్డు ప్లేయర్ లేకపోతే బ్యాండ్‌క్యాంప్‌లో వినండి, అట్ట చూసే సుఖం మాత్రం దక్కదు. నేను యురేనియం క్లబ్ పాత రికార్డుల వేటలో ఉన్నాను. 2019 నాటి 'ది కాస్మో క్లీనర్స్' ఎవరి దగ్గరైనా ఉంటే, అరువిచ్చినా చాలు.