రెండు కాలమ్‌లలో పట్టించాలి

విజయవాడలో ఓ దినపత్రిక ఆఫీసు. సాయంత్రం ఏడు దాటితే డెస్కులో పలకరింపులు తగ్గిపోతాయి. నాకు కుర్చీ చూపించిన జిల్లా పేజీల సబ్‌ ఎడిటర్ మేడమ్ అప్పటికే దివిసీమ నుంచి వచ్చిన వార్త తెరిచి ఉన్నారు. కాలువ నీళ్లు శివారు పొలాలకు చేరక వరినారు ఎండుతోంది. ‘అన్నదాతకు తప్పని సాగునీటి తిప్పలు’ అని విలేకరి హెడ్డింగ్ పెట్టి పంపాడు.

"ఇది పోయినేడూ సరిపోయేది, వచ్చే ఏడూ సరిపోతుంది. ఇవాళ ఏమైందో ఇందులో ఎక్కడుందండీ?" అన్నారావిడ. ‘నారు ఎండె.. నీరేదీ?’ అని కొట్టి, ఓ క్షణం చూసి, చెరిపేశారు. ప్రాస కుదిరింది గానీ ఊరు పోయింది. చివరికి ఊరి పేరుతో మొదలుపెట్టి ‘శివారుకు చేరని నీరు’ అని పై లైను, ‘ఎండుతున్న వరినారు’ అని కింది లైను. సమాపక క్రియ లేదు, చుక్కల్లేవు, ప్రశ్నార్థకం లేదు. రెండు కాలమ్‌లలో సరిగ్గా పట్టింది.

1974లో విశాఖలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చాక మిగతా పత్రికలూ ఆ దారి పట్టాయి. అప్పటినుంచీ డెస్కుల మీద పడ్డ పని ఇదే: ఊరూరి చిన్న వార్తకీ రాత్రికి రాత్రే ఓ శీర్షిక. ఆ హడావుడిలో పుట్టినవే ‘తప్పని తిప్పలు’, ‘పట్టించుకోని అధికారులు’. అవి చదివీ చదివీ మన కళ్లు వాటంతటవే దాటిపోతాయి.

పక్క కంప్యూటర్ దగ్గర పేజీ డిజైనర్ మరో తంటాలో ఉన్నాడు. పై లైనులో ‘రాష్ట్ర’ ఉంది. దాని ఒత్తులు కిందికి జారి, కింది లైనులోని ‘నీటి’ గుడులకు తగులుతున్నాయి. ఇంగ్లీషు హెడ్డింగుకు ఈ బెడద లేదు. మనకు పైన గుడులు, కింద ఒత్తులు. లైన్ల మధ్య ఎడం పెంచితే వార్తలో చివరి వాక్యం పేజీ కిందికి పోతోంది. "మేడమ్, రాష్ట్రం తీసేద్దామా?" అన్నాడతను. తీసేశారు. అర్థానికి ఏ లోటూ రాలేదు. ఈ ఇరుకు మంచిదేనేమో అనిపించింది నాకు. చోటు లేనప్పుడు ముందు పోయేది అక్కర్లేని మాటే.

డెస్కు ఇన్‌ఛార్జి గారు మాత్రం ఒక్కచోటే గొంతు పెంచారు. ఓ నాయకుడి మీద వచ్చిన అవినీతి ఆరోపణను హెడ్డింగులో నిజమన్నట్టే రాశారెవరో. ఆ మాట అన్నదెవరో చెప్పాలి, కనీసం కోట్స్‌ అయినా ఉండాలి. శీర్షికకు తగ్గ సరుకు కింది వార్తలో ఉండాలి. ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెప్పేదీ అదే. ఆరోపించినవారి పేరు చేరాకే పేజీ కదిలింది.

మేడ మీద వెబ్ డెస్కు. ఇక్కడ కాలమ్ కొలత లేదు, ఒత్తుల గొడవ అంతకన్నా లేదు. కొలతల్లా ఫోన్లో నోటిఫికేషన్ ఎక్కడ తెగిపోతుందన్నదే. కాబట్టి ఊరూ విషయమూ ముందే ఉండాలి. పేపర్లో అయితే హెడ్డింగు పక్కనే ఫొటో, కిందే వార్త ఉంటాయి; అది కాస్త చమత్కారానికి పోయినా పాఠకుడు తప్పిపోడు. ఫోన్లోకి అది ఒంటరిగా వెళుతుంది. విషయం నిండుగా చెప్పాల్సింది ఇక్కడే. కానీ నేను చూసింది తలకిందులు. విషయం దాచే శీర్షికలను వెనక్కి నెడతామని ఫేస్‌బుక్ 2016 ఆగస్టులోనే ప్రకటించింది. అయినా ఆ అలవాటు పోలేదు.

ఆ నారు వార్తే ఇక్కడ ‘రైతుల కంట కన్నీరు.. ఎక్కడంటే?’ అయింది. ఊరి పేరు మూడక్షరాలే, ‘ఎక్కడంటే’ నాలుగు. అదే అడిగాను.

"పేరు పెడితే ఆ ఊరివాళ్లే నొక్కుతారు సార్. పెట్టకపోతే జిల్లా అంతా నొక్కుతుంది" అన్నాడు వెబ్ డెస్కు కుర్రాడు.

"నొక్కి, తమ ఊరు కాదని తెలిశాక తిట్టుకోరూ?"

"తిట్టుకున్నా లెక్కలో పడుతుంది సార్."