ఆ ఎనిమిది ఎక్కడ రాయాలి?



గత నెలన్నరగా మా ఏడో తరగతి పిల్లలు ఇంట్లో వింత వింత పేర్లు పెట్టుకుని తిరుగుతున్నారని మీలో చాలామంది చెప్పారు. ఒకడైతే "నేను ఇథాకా నుంచి వచ్చిన అతిథిని, నాకే ముందు వడ్డించాలి" అని వాళ్ళ అమ్మగారితో వాదించాడట. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు నవ్వుతూనే, కాస్త గట్టిగా అడిగారు: "మేడమ్, ఇంగ్లీషు పీరియడ్‌లో ఈ గ్రీకు దేవుళ్ళ ఆట ఏంటండీ? యూనిట్ టెస్టులో వస్తుందా?" రాదండీ. వెనక క్యూ పెద్దగా ఉండటంతో అంతకుమించి చెప్పడం కుదరలేదు. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ఇది రోల్‌ప్లేయింగ్ గేమ్. ఫోన్ అక్కర్లేదు, బోర్డు కూడా అక్కర్లేదు. నలుగురైదుగురు పిల్లలు కలిసి కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో వీరుడి పాత్ర తయారు చేసుకుంటారు. నేను కథ నడుపుతాను. "గుహ ముందు నిలబడ్డారు, లోపల్నుంచి గొర్రెల అరుపులు వస్తున్నాయి, ఏం చేస్తారు?" అని అడుగుతాను. తమ వీరుడు ఏం చేస్తాడో వాళ్ళు చెప్పాలి, అదీ ఇంగ్లీషులో. ఆ పని కుదిరిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆటలకు పేరొచ్చింది. దానికి 20 ముఖాల పాచిక కావాలి. మేం 1 నుంచి 20 దాకా చీటీలు రాసి స్టీలు డబ్బాలో వేసుకున్నాం.

గ్రీకు కథలే ఎందుకంటే, పిల్లలు అప్పటికే లైబ్రరీలో పర్సీ జాక్సన్ పుస్తకాలు లాక్కుని మరీ చదువుతున్నారు. ఇంకో కారణం నాది. ఆ కథల్లో లోపం లేని వీరుడు దాదాపు కనిపించడు. అకిలీస్ అనగానే అందరూ మడమ అంటారు. పిల్లలు వెంటనే "దుర్యోధనుడి తొడలాగా" అన్నారు. నిజానికి మడమ కథ హోమర్ ఇలియడ్‌లో లేదు, అది తర్వాతివాళ్ళు చెప్పింది. ఇలియడ్ గ్రీకు మూలంలో మొట్టమొదటి మాటే కోపం. అకిలీస్‌ని ముంచేది అదే. ఒడిస్సియస్ ఒంటికన్ను రాక్షసుడికి తన పేరు "ఎవరూ కాదు" అని చెప్పి తెలివిగా గుహలోంచి బయటపడతాడు. తీరా ఓడ ఎక్కాక గొప్ప కోసం అసలు పేరు అరిచి మరీ చెబుతాడు. ఆ రాక్షసుడి తండ్రి సముద్ర దేవుడు పొసైడన్. ఇక ఇల్లు చేరడం ఎంత కష్టమైందో చెప్పాలా!

అందుకే మా పాత్ర షీట్‌లో పేరు, బిరుదు, ఎవరి బిడ్డ అన్నవి రాశాక మూడు గళ్ళు పెట్టాను: అండగా ఉండే దేవత, పగబట్టిన దేవత, నీ వీరుడి లోపం. బిరుదులు పది నిమిషాల్లో అయిపోయాయి. ఉత్తరుడికి అర్జునుడు చెప్పిన పది పేర్లు తెలిసిన పిల్లలకు అదొక లెక్కా? అండ కోసం మాత్రం పెద్ద గొడవ. సగం మంది అమ్మాయిలు ఎథీనా కూతుళ్ళం అన్నారు. పర్సీ జాక్సన్‌లో ఆవిడకు పిల్లలున్నారు, పాత కథల్లో ఆమె కన్య. చివరికి కూతుళ్ళు కాదు, ఆమె అభిమానం పొందినవాళ్ళు అని రాజీపడ్డాం.

అసలు కష్టం అంకెల దగ్గర వచ్చింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఒక పద్ధతి ఉంది. అందరికీ అవే ఆరు అంకెలు ఇస్తారు: 15, 14, 13, 12, 10, 8. వాటిని బలం, చురుకుదనం, దేహ దారుఢ్యం, తెలివి, వివేకం, మనుషుల్ని ఆకట్టుకునే గుణం అన్న ఆరింటికి పంచుకోవాలి. 10 అంటే మామూలు మనిషి. 15 ఉన్నచోట పాచికకు 2 కలుస్తుంది, 8 ఉన్నచోట 1 తగ్గుతుంది. అంతే, ఒకే ఒక్కటి. కానీ మా పిల్లలు ఆ 8 ని చూసిన తీరు చూడాలి! "మిస్, 8 తీసేసి ఇంకో 10 రాసుకోవచ్చా?" "మిస్, మొత్తం కూడి ఆరుతో భాగించి అన్నిటికీ 12 రాస్తే?" లెక్క సరైనదే. కుదరదన్నాను.

మొదటి మూడు ర్యాంకుల్లో ఉండే ఒక అమ్మాయి ఆ పీరియడంతా 8 రాస్తూ చెరుపుతూ కూర్చుంది. (వాళ్ళ అమ్మగారిని అడిగి, ఆ అమ్మాయి సరేనన్నాకే ఇది రాస్తున్నాను.) మర్నాడు షీట్ ఇచ్చింది. 8 దేహ దారుఢ్యం దగ్గర ఉంది. బిరుదు "ద స్లీప్‌లెస్", నిద్ర ఎరగనిది. వెనకవైపు కథలో, ప్రతి యుద్ధం ముందు రాత్రి తన వీరురాలు పటాలు మళ్ళీ మళ్ళీ చూసుకుంటుందనీ, తెల్లారేసరికి కడుపులో నొప్పి వస్తుందనీ, దండులో ఎవరికీ చెప్పదనీ రాసింది. వ్యాకరణం తప్పులు రెండే. నేను వాటిని దిద్దలేదు. యూనిట్ టెస్టుల రోజు పొద్దున సిక్ రూమ్‌కి వెళ్ళే పిల్లల్లో తనూ ఉంటుందని నాకు గుర్తొచ్చింది.

వాళ్ళ అమ్మగారికి ఫోన్ చేశాను. కడుపునొప్పి సంగతి ఆవిడకు తెలుసు, బయటి తిండి వల్లేమో అనుకుంటున్నారట. రాత్రి ఒంటిగంట దాకా మేలుకుంటుందన్నది తెలియదు. ఇప్పుడు పరీక్ష ముందు రోజు పదింటికి లైటు తీసేస్తున్నారు. నొప్పి పూర్తిగా పోయిందని నేను చెప్పను. పొద్దున్నే "ఈరోజు ఉంది" అని ఇంట్లో చెబుతోందట. డాక్టరుకి కూడా చూపించారు.

ఆటలో ఆ వీరురాలి వంతు వచ్చిన రోజు గురించి కూడా చెప్పాలి. కొండ ఎక్కి రాత్రికి గుహ చేరాలి, దేహ దారుఢ్యం పరీక్ష. డబ్బాలోంచి 4 చీటీ వచ్చింది. ఒకటి తీసేస్తే 3. వీరురాలు దారిలో కూలబడింది. గుంపంతా నిశ్శబ్దం. అప్పుడు, 8 ని మనుషుల్ని ఆకట్టుకునే గుణం దగ్గర రాసుకున్న కుర్రాడు, పిలిస్తే తప్ప పలకనివాడు, "యు స్లీప్. ఐ విల్ వాచ్" అన్నాడు. ఈ ఏడాది నేను అడక్కుండా వాడు ఇంగ్లీషులో మాట్లాడిన మొదటి మాటలు అవి. రాక్షసుడి దగ్గరికి తెల్లారాక వెళ్ళారు. గెలిచారా అంటే, సగం. గొర్రెలు దక్కాయి, ఓడ పోయింది.

"మిస్, మీ 8 ఎక్కడ?" అని వాళ్ళు అడుగుతారని నాకు తెలుసు, అడిగారు కూడా. ఆకట్టుకునే గుణం దగ్గరే అన్నాను. పదో తరగతి దాకా నేను తెలుగు మీడియం. బీఈడీలో టీచింగ్ ప్రాక్టీస్ మొదటి రోజు, నలభై మంది ముందు "గుడ్ మార్నింగ్" తర్వాత గొంతు పెగల్లేదు. ఇది విని పిల్లలు నవ్వుతారనుకున్నాను. ఒకడు మాత్రం చాలా సీరియస్‌గా, "మైనస్ ఒకటే కదా మిస్" అన్నాడు.

ఈ శనివారం పాత్ర షీట్లు ఇంటికి పంపుతున్నాం. మీ అబ్బాయి, అమ్మాయి ఏ గడిలో 8 రాశారో చూడండి, దయచేసి మార్పించకండి. షీట్‌తో పాటు ఇంకో ఖాళీ షీట్ ఉంటుంది. అది మీకు. అవే ఆరు అంకెలు, అవే గళ్ళు. పెన్నుతో కాకుండా పెన్సిల్‌తో రాయండి, మావాళ్ళు చాలాసార్లు చెరుపుకోవాల్సి వచ్చింది. సోమవారం డైరీలో పెట్టి పంపితే చాలు.