చెక్కినవాడి పేరేమిటి?

న్యూయార్క్‌లోని మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో పికాసో గీసిన ఐదుగురు స్త్రీల చిత్రం ముందు చాలాసేపు నిలబడ్డాను. 1907 నాటిది. కుడివైపు ఇద్దరి ముఖాలు అచ్చం చెక్క మాస్కుల్లా ఉంటాయి. ఆ ఏడాదే ఆయన పారిస్‌లోని ట్రొకడేరో మ్యూజియంలో ఆఫ్రికా మాస్కులు చూశాడు. అంతకు ముందే, 1906లో, మాటిస్ ఒక కాంగో చెక్కబొమ్మ కొన్నాడు. వాళ్ల మిత్రుడు దెరేన్ దగ్గర గాబన్ దేశపు ఫాంగ్ తెగ మాస్కు ఉండేది.

ఒకరిని చూసి ఒకరు నేర్చుకోవడం తప్పేం కాదు. చూడకుండా ఎవరికి కళ అబ్బింది? నన్ను బాధించేది వేరు. కొన్నవాళ్ల పేర్లు చరిత్రలో భద్రంగా ఉన్నాయి. చెక్కినవాళ్ల పేర్లు మాత్రం రాసుకోవాలని ఎవరికీ తోచలేదు.

ఆ కళాఖండాలు యూరప్ చేరింది వలస పాలన రోజుల్లో. కొన్ని కొన్నవి, కొన్ని దోచినవి. 1892లో ఫ్రెంచి సైన్యం అబోమీ నుంచి ఎత్తుకెళ్లిన వాటిలో 26 వస్తువులు 2021లో బెనిన్ దేశానికి తిరిగొచ్చాయి. సంతోషమే. వస్తువులనైతే తిరిగివ్వొచ్చు. పోయిన పేర్లను ఎక్కణ్ణుంచి తెస్తారు?

పిల్లలకు పికాసో గొప్పతనం చెప్పేటప్పుడు, ఆ పేరు తెలియని గురువుల గురించీ ఒక్క మాట చెబుదాం.