రోజుకొక్క ఫొటో

హైదరాబాదులో వసంతం ఎన్నాళ్లుంటుందని ఎవరినైనా అడిగి చూడండి. "వసంతమా? స్వెట్టర్లు లోపల పెట్టేలోపే కూలర్లు బయటికి తియ్యాలి కదండీ" అంటారు. నేనూ అలాగే అనేదాన్ని. ముప్పై ఒక్క ఏళ్లు లెక్కల టీచరుగా చేసినదాన్ని. ఫిబ్రవరి, మార్చి అంటే నాకు పదో తరగతి స్పెషల్ క్లాసులు. ఏప్రిల్ అంటే పేపర్లు దిద్దడం. చెట్టు చిగురేసిందో లేదో తలెత్తి చూసే తీరిక ఎక్కడిది? పోయినేడు రిటైరయ్యాను. ఈ ఏడు మొదటిసారి మా కాలనీలోకి వసంతం ఏ మూల నుంచి వచ్చిందో దగ్గరుండి చూశాను.

ఈ ఇంట్లో ఉండి చూడటం మొదటిసారే కాదు, ఆఖరిసారి కూడా. వనస్థలిపురంలో 1991లో కట్టుకున్న ఈ ఇంటిని డెవలప్‌మెంటుకి ఇచ్చాం. వానాకాలం వస్తే స్లాబు కారుతోంది. మావారి మోకాళ్లు మేడమెట్లు ఎక్కనివ్వడం లేదు. ఇద్దరు పిల్లలకీ చెరో వాటా రావాలంటే ఇదే దారి. నలుగురం కూర్చుని ఆలోచించి తీసుకున్న నిర్ణయమే. ఉగాది వెళ్లాక ఖాళీ చేస్తామని బిల్డరుకి చెప్పాం. సంక్రాంతి నుంచి లెక్కేసుకుంటే మా చేతిలో రెండున్నర నెలలు మిగిలాయి. ఎక్కడికీ వెళ్లలేదు. ఎవరినీ రమ్మనలేదు. పొద్దున్న నడక, ఒక ఫొటో, మధ్యాహ్నం ఒక పుస్తకం. అంతే.

ఒక్క ఫొటో అన్నది మావారి షరతు. ఆయన రీలు కెమెరా కాలం మనిషి. రీలుకి 36 ఫొటోలు. చెల్లెలి పెళ్లికీ, పిల్లాడి పుట్టెంట్రుకలకీ కలిపి ఒకే రీలు సరిపెట్టిన ఘనుడు. మా అబ్బాయి వదిలేసి వెళ్లిన డిజిటల్ కెమెరాలో వేల ఫొటోలు పడతాయని చెప్పినా వినలేదు. "రోజుకొక్కటే తియ్యి. రెండోది తియ్యాలనిపిస్తే రేపు తియ్యి" అన్నారు. సరే అన్నాను. వారం తిరక్కుండానే దాని గుణం తెలిసింది. ఒక్కటే తియ్యాలంటే, తియ్యబోయే ముందు చాలాసేపు చూడాలి.

చూడగా చూడగా కొన్ని సంగతులు బోధపడ్డాయి. మార్చిలో ఇక్కడ ఆరున్నర ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. ఓ గంటన్నర సేపు ఎండ ఏటవాలుగా, మెత్తగా పడుతుంది. ఆ తర్వాత నీడలు నల్లగా గట్టిపడతాయి, రంగులు వెలిసినట్టవుతాయి. లేత ఆకుని ఎండ దాని వెనక నుంచి వచ్చేలా నిలబడి చూస్తే, లోపల దీపం పెట్టినట్టు ఈనెలన్నీ కనబడతాయి. ఇవేమీ పెద్ద విద్యలు కావు. కానీ అరవై ఏళ్లు వచ్చాక కొత్తగా ఒకటి తెలుసుకోవడంలో ఉన్న సరదా వేరు.

ముందు ఫిబ్రవరిలో పార్కు వెనక బూరుగు చెట్టు పూసింది. ఒంటిమీద ఒక్క ఆకు లేదు గానీ కొమ్మ కొమ్మకీ దోసెడేసి ఎర్రటి పూలు. వాటిలో తేనె కోసం కాకులూ గోరింకలూ ఒకటే తగవు. తర్వాత గుడి దగ్గరి రావిచెట్టు రాగిరంగు చిగురు తొడిగింది. లేత ఆకులో పచ్చదనం ఇంకా పూర్తిగా పట్టదట. ఆ ఎరుపు దాన్ని ఎండ దెబ్బ నుంచి కాపాడుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. పసిపిల్లకి టోపీ పెట్టినట్టన్నమాట. కోయిల కోసం పదకొండు రోజులు మెడలు నొప్పెట్టేలా తిరిగాను. దొరికింది ఆడపిట్ట. గోధుమరంగు ఒంటిమీద తెల్ల చుక్కలు. నల్లగా నిగనిగలాడుతూ, ఎర్రటి కళ్లతో 'కుహూ' అని పాడేది మగపిట్ట. "ఇదేం కోయిల?" అని మావారు పెదవి విరిచారు గానీ, నాకు అదే నచ్చింది.

మా వీధిలో వరసగా కానుగ చెట్లు. శిశిరంలో ఆకులు రాలతాయనీ వసంతంలో చిగురిస్తాయనీ చిన్నప్పుడు చదువుకున్నాం కదా! మా కానుగలు ఆ పాఠం చదివినట్టు లేవు. ఈ కొమ్మన పండుటాకులు రాలుతుంటే ఆ కొమ్మన లేత చిగురు మెరుస్తుంటుంది. రెండు వారాల్లో అదే చెట్టు వేరే చెట్టయిపోతుంది. ఇల్లు వదలబోతున్నామన్న బెంగతో నడక మొదలుపెట్టిన నాకు, రాలడమూ చిగురించడమూ ఒకే వారంలో ఒకే చెట్టు మీద జరుగుతుండటం చూస్తే ఎందుకో మనసు కుదుటపడింది. ఈ మాట వీధి ఊడ్చే ఆమెతో అంటే, "నీకేందమ్మా, ఫొటోలు తీస్తున్నవ్. గిన్ని ఆకులు ఊడ్వలేక నా నడుం పోతుంది" అంది. అదీ నిజమే. ఆ రోజు ఫొటో ఆమె చీపురుదీ, పక్కన పోగేసిన పసుపుపచ్చ ఆకుల కుప్పదీ.

మధ్యాహ్నాలు పుస్తకాలవి. ఇల్లు మారాలంటే వాటిని సర్దాలి. మూడు అట్టపెట్టెలు పెట్టాను. ఉంచుకునేవి, ఇచ్చేసేవి, తేల్చుకోలేనివి. మూడోదే ముందు నిండింది. తేల్చుకోవాలంటే చదవాలి కదా! ఆ వంకతో వరండాలో పడక్కుర్చీ వేసుకున్నాను. చేతిలో ఎర్రపెన్ను లేకుండా, ఎవరికీ మార్కులు వెయ్యక్కర్లేకుండా చదవడం ఎంత హాయో, టీచరు ఉద్యోగం చేసినవాళ్లని అడగండి.

ఆ పెట్టెలోనే 'వనవాసి' దొరికింది. 'పథేర్ పాంచాలి' రాసిన బిభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల. సూరంపూడి సీతారాం తెలుగు చేశారు. ఎప్పుడో ఆబిడ్స్‌లో ఆదివారంనాడు ఫుట్‌పాత్ మీద కొన్నది. కలకత్తా నుంచి ఒక యువకుడు బీహారు అడవుల్లోని ఎస్టేటుకి మేనేజరుగా వెళతాడు. మొదట్లో ఆ ఒంటరితనం భరించలేకపోతాడు. పోను పోను ఆ అడవిని ప్రాణంలా ప్రేమిస్తాడు. కానీ ఆ అడవిని ముక్కలు చేసి కౌలుకివ్వడమే అతని ఉద్యోగం. మా వనస్థలిపురం కూడా నిజాంల కాలంలో వేట అడవే. అందులో మిగిలిన భాగాన్నే 1975లో జింకలకి కేటాయించి, మహావీరుడి పేరు పెట్టారు. కృష్ణజింకలున్న ఆ పార్కు మా ఇంటికి ఎంతో దూరం లేదు. అడవి పోయి కాలనీ వచ్చింది కాబట్టే మాకు ఇల్లు దొరికింది. ఇప్పుడు ఆ ఇల్లు పోయి పది వాటాలు రాబోతున్నాయి.

పుస్తకం మూసి మావారి వైపు చూశాను. "మన అగ్రిమెంటులో చెట్ల మాట ఏమైనా ఉందాండీ?" అన్నాను. లేదన్నారు. మర్నాడు బిల్డరుని పిలిచి కూర్చోబెట్టాం. 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలని ఆయనకీ తెలుసు. గేటు బయట కానుగ జోలికి రానని ఒక లైను రాసిచ్చాడు. లోపలి వేపచెట్టు మాత్రం సెల్లారు తవ్వే చోట ఉంది. దాన్ని ఉంచడం కుదరదన్నాడు. ప్లాను తిప్పి తిప్పి చూశాం. నిజంగానే కుదరదు. ఒకటి నిలిచింది, ఒకటి నిలవలేదు.

ఆ వేపచెట్టు గృహప్రవేశంనాడు మా అత్తగారు నాటింది. ఏటా ఉగాదికి ముందురోజు సాయంత్రం చుట్టుపక్కల పిల్లలు కవర్లు పట్టుకుని గేటు దగ్గర నిలబడతారు. "ఆంటీ, వేపపువ్వు!" ఈ ఏడూ వచ్చారు. వచ్చే ఏడు ఈ చెట్టు ఉండదని పెద్దవాళ్లకి తెలుసు. పిల్లలకి ఎవరూ చెప్పినట్టు లేదు. నేనూ చెప్పలేదు. అందరికీ అడిగినదానికన్నా ఎక్కువే కోసిచ్చాను.

నిన్నటికి ఫొటోలు 72 అయ్యాయి. "సరిగ్గా రెండు రీళ్లు" అన్నారు మావారు తృప్తిగా. వచ్చే ఆదివారం లారీ వస్తుంది. మిగిలిన వేపపువ్వు మేడమీద ఆరబెడుతున్నాను. బాగా ఎండితే ఏడాది నిలవ ఉంటుంది. నేతిలో వేయించి చారులో వేస్తే మావారికి ప్రాణం. అద్దె ఇంటి వంటగదిలో పెట్టడానికి గాజుసీసా ఒకటి కడిగి, తుడిచి పెట్టాను.