టవరూ, పిన్నీ, నా లెక్కా

సంక్రాంతికి వేటపాలెం వెళ్ళా. రైలు దిగి ఇంటికి చేరానో లేదో పిన్ని అందుకుంది. "ఏరా, కంప్యూటర్లు చదివినోడివిగా, ఎదురు డాబా మీద ఆ సెల్ టవరు వల్ల క్యాన్సరొచ్చిద్దంటగా?"

ఇంకేం, జీడిపప్పు నములుతూ ఉపన్యాసం మొదలెట్టా. టవరు నుంచి వచ్చేవి రేడియో తరంగాలు. ఎక్స్‌రేల్లాగా డీఎన్ఏని విడగొట్టే శక్తి వీటికి లేదు. మోతాదు బాగా ఎక్కువైతే ఒంటిని వేడెక్కిస్తాయి, ఇప్పటిదాకా గట్టిగా రుజువైన హాని అదే. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ వీటిని "క్యాన్సర్ కారకం కావచ్చేమో" అనే జాబితాలో పెట్టిన మాట నిజమే. అదే జాబితాలో ఊరేసిన కూరగాయలూ ఉన్నాయి (చైనా, జపాన్ల వాళ్ళవి లెండి, మన ఆవకాయ క్షేమం!). పైగా యాంటెన్నా టార్చిలైటు లాంటిది. ముందుకి కొడుతుంది, కింద ఉన్నవాళ్ళకి తగిలేది చాలా తక్కువ. సిగ్నల్ అందని గదిలో ఫోను పవర్ పెంచుకుంటుంది. దాన్ని చెవికి ఆనించి గంటసేపు మాట్లాడితే తగిలేదే ఎక్కువ.

"అయితే భయం లేదంటావ్" అంది పిన్ని.

"నిక్షేపంగా ఉండు" అన్నా.

సాయంత్రం బాబాయ్ కొత్తగా వేస్తున్న రెండో అంతస్తు చూపించడానికి పైకి తీసుకెళ్ళాడు. తమ్ముడి పిల్లల కోసం కడుతున్న గదట. కిటికీకి వదిలిన ఖాళీలోంచి చూస్తే గుండె గుభేల్మంది. వీధికి అవతల, సరిగ్గా నా కళ్ళ ఎత్తులో, రెండు యాంటెన్నాలు మా వైపే మొహం పెట్టి ఉన్నాయి. దూరం మహా అయితే పన్నెండు మీటర్లు. టార్చిలైటు అన్నది నేనే కదా!

రాత్రి కాయితం తీసి లెక్కేశా. ఒక యాంటెన్నాకి 20 వాట్లు ఇస్తే, అంతా ఒకే దిక్కుకి కొడుతుంది కాబట్టి ఎదురుగా ఉన్నవాడికి దాదాపు 1,000 వాట్ల లెక్క. 50 మీటర్ల దూరంలో చదరపు మీటరుకి 0.03 వాట్లు. 12 మీటర్లలో అయితే 0.55. 900 మెగాహెర్ట్జ్‌కి అంతర్జాతీయ పరిమితి 4.5. మన ప్రభుత్వం 2012 సెప్టెంబరు 1 నుంచి దాన్ని పదో వంతుకి, అంటే 0.45కి తగ్గించింది. ఎదురుగా అదే ఎత్తులో ఇల్లుంటే ఒక యాంటెన్నాకి 20, రెండిటికి 35 మీటర్ల దూరం ఉండాలని కూడా టెలికాం శాఖ అప్పట్లో చెప్పింది. ప్రాణం మీదికొచ్చే సంగతేం కాదు గానీ, "నిక్షేపంగా" అనేశానే, అది మాత్రం తొందరపాటే.

టవరు వాళ్ళనీ అనలేం. వాళ్ళు పెట్టినప్పుడు ఇక్కడ ఖాళీ ఆకాశమే.

పొద్దున్నే చెప్తే బాబాయ్‌కి కోపమొచ్చింది. "నిన్న భయం లేదన్నావ్, ఇవాళ లెక్కలు తెచ్చావ్. లక్షలు పోసి కట్టి తాళమేసుకోమంటావా?" నిజమే, నా దగ్గర జవాబు లేదు. కాయితం మీద లెక్క వేరు, మీటరు పెట్టి కొలవడం వేరు. 2017లో వచ్చిన తరంగ్ సంచార్ పోర్టల్లో ఫీజు కట్టి అడిగితే టెలికాం శాఖ వాళ్ళు వచ్చి కొలుస్తారు. ఆ డబ్బు నేను కట్టా. కొలత వచ్చేదాకా పిల్లల్ని ఆ గదిలో పడుకోబెట్టొద్దన్నా.

పిన్ని ఒక్క మాటే అంది. "నిన్ననే డాబా ఎక్కి చూసి చెప్పొచ్చు గదరా?"

మీ ఊళ్ళో ఎవరైనా ఇలా అడిగితే ముందు నవ్వకండి. డాబా ఎక్కి, యాంటెన్నా మొహం ఎటుందో, దానికెదురుగా ఎవరు పడుకుంటున్నారో చూసి అప్పుడు చెప్పండి.