ఒకటిన్నర పిక్సెల్

ఫోనుల తెరలకు బొమ్మలు గీయు ఒక చిన్న కార్యశాల హైదరాబాదు మాదాపూరున కలదనియు, దానిని చూచి వ్రాయుమనియు సంపాదకులు నన్ను పంపిరి గాని, అచ్చటి యంత్రములును గదులును నా దృష్టిని నిలుపలేకపోయినవి. కిటికీ ప్రక్కన కూర్చుండి ఒక గంట బొమ్మను దిద్దుచున్న యువతి వ్రేళ్లయొద్దనే నా మధ్యాహ్నమంతయు గడచిపోయినది.

ఆండ్రాయిడ్ ఫోనులలో అంగుళమునకు 160 చుక్కలు, అనగా పిక్సెళ్లు, ఉండు తెరను మూలప్రమాణముగా గైకొని, అటుపైని సాంద్రతలను 240, 320, 480, 640 అని తరగతులుగా ఏర్పరచినారు. కావున మూలప్రమాణమున 24 పిక్సెళ్ల వెడల్పుగల బొమ్మను వరుసగా 36, 48, 72, 96 పిక్సెళ్లకు సిద్ధపరచిననే అది అన్ని తెరలపైనను కంటికి ఇంచుమించు ఒకే పరిమాణమున గోచరించును. పెద్దదానినొక్కటే అన్నిటికిని పంపరాదా యందురేమో. 96 పిక్సెళ్ల బొమ్మలో 24 పిక్సెళ్లదానికంటె 16 రెట్లు చుక్కలుండును, ఆ భారమును మోయవలసినది చిన్న ఫోనే.

గుణకారమే గదా, యంత్రము చేయజాలదా యని అడిగితిని. ఆమె బదులు పలుకక, 240 తరగతిలోని గంట అంచును పెద్దదిగా చేసి చూపినది. మూలమున ఒక పిక్సెల్ మందముగల గీత ఇచ్చట ఒకటిన్నర పిక్సెల్ కావలసియున్నది. సగము చుక్కను వెలిగించుట ఏ తెరకును సాధ్యము కాదు గనుక, యంత్రము ఒక చుక్కను నిండుగా నలుపు చేసి, ప్రక్కదానిని బూడిదవర్ణముతో నింపి ఊరకున్నది. "ఈ మసక ఇలా వదిలేస్తే గీత అలుక్కుపోయినట్టుంటుందండీ. ఒకటా, రెండా అన్నది నేనే తేల్చాలి" అని, ఆమె గీతను రెండు పిక్సెళ్లకు పెంచి, ఆ పెంపు మ్రింగిన లోపలి ఖాళీని మరల తెరచి, గంట నాలుకను ఒక్క చుక్క క్రిందికి జరిపినది. మసక విడిపోయినది. ఇంతటి నిర్ణయశక్తి ఆ చేతికి ఎన్ని బొమ్మల అభ్యాసమున అబ్బినదో గదా!

ఈ శ్రమ నేటిది కాదు. 2010లో ఐఫోన్ 4 అంగుళమునకు 326 పిక్సెళ్ల తెరతో వెలువడినపుడు బొమ్మలన్నిటిని రెండింతల కొలతలో మరల సిద్ధపరచవలసివచ్చినది. 2014లో ఆండ్రాయిడ్ 5.0తో, చుక్కలుగా గాక రేఖాగణిత రూపమున దాచబడు వెక్టర్ బొమ్మలకు ఆదరము లభించి, ఒక్క ఫైలే సకల సాంద్రతలకును చాలునను విశ్వాసము ప్రబలినది. అది గొప్ప సౌకర్యమే, కాదనను. కాని రేఖాగణితము గీతను ఎంతకైనను పెంచగలదు. ఏ చుక్కపై నిలుపవలెనో నిర్ణయింపజాలదు. ఆ నిర్ణయమును నేర్పువారును నేర్చువారును తగ్గిపోవుచుండుట నాకు మిక్కిలి బాధాకరముగా తోచినది.

ఇంతలో పని అప్పగించిన సంస్థవారు ఫోను చేసిరి. "మా సార్ ఫోన్లో బ్రహ్మాండంగా ఉందమ్మా, ఇంకా ఏం దిద్దుతారు?" అను మాట నాకును వినవచ్చినది. "సార్ ఫోన్లో కాదండీ, మీ యాప్ వాడేవాళ్ల ఫోన్లో చూడండి" అని ఆమె బదులిచ్చి, అక్షరములను పెద్దవిగా మార్చుకొన్న ఒక చవక ఫోనును నా చేతికిచ్చినది. అందు ఆ యాప్‌లో, ఇంగ్లీషు అక్షరముల ఎత్తునకు బిగించిన పెట్టెలో 'స్త్రీ' యను మాట ఇరుక్కొని, క్రిందనున్న తవత్తును రవత్తును తెగిపోగా, 'సీ' యని మాత్రమే కానవచ్చుచుండెను. చూపు మందగించి అక్షరములను పెంచుకొన్న వృద్ధురాలు దానిని చదివి ఏమి గ్రహింపవలెను? ఖరీదైన తెరమీద ఒక అధికారి చూచి మెచ్చుకొనుటయే పరీక్ష యని భావించుట, తెలుగు చదువు లక్షలాది జనులయెడ అపచారము. ఇందులో క్షమింపదగిన అంశమేదియు నాకు కనబడలేదు.

తెలుగున యాప్‌లు చేయించు కార్యాలయములవారికి, సంస్థలవారికి నా మనవి యొక్కటే: అంగీకారపత్రముపై సంతకము చేయుటకు ముందు, బజారులో దొరకు మిక్కిలి చవక ఫోనును తెప్పించి, అక్షరములను పెద్దవిగా చేసి, వత్తులున్న ప్రతి మాటను మీరే స్వయముగా చదివి చూడుడు.