లెక్క తప్పింది నా దగ్గర

మాది స్టేషన్ ఘన్‌పూర్. ములుగు వైపు ఇంకో ఘన్‌పూర్ ఉంది కాబట్టి మా ఊరిని స్టేషన్ పేరుతో గుర్తుపడతారు. ఇదివరకు వరంగల్ జిల్లా, 2016 అక్టోబర్ నుంచి జనగామ జిల్లా. పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి జనగామ, ఆలేరు, భువనగిరి దాటి ఘట్‌కేసర్‌లో దిగుతాను. అక్కడికి దగ్గర్లో ఒక బట్టల గోదాములో పని. లేబుళ్ల ప్రింటర్ చూసుకునేది నేనే. గోదాము పేరు రాయను. ఇక్కడ చెప్పేది నా సంగతి.

రెండేళ్ల కిందట, బతుకమ్మకు మూడు వారాల ముందు, ఆ ప్రింటర్ దగ్గర నేను చేసిన పొరపాటు వల్ల ముగ్గురు మనుషుల మీద దొంగతనం పడింది. వాళ్లలో ఒకాయన్ను పనిలో పెట్టించింది నేనే. పొరపాటు నాదని నాకు శుక్రవారం రాత్రి తెలిసింది. సోమవారం పొద్దున దాకా నోరు తెరవలేదు.

ముందు పని ఏంటో చెప్పాలి. మా ఊరి నుంచి హైదరాబాద్ పోయే కారు కోమళ్ల టోల్ దగ్గరికి రాగానే, జేబులో చెయ్యి పెట్టకుండానే గేటు లేస్తుంది. అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌లో ఉన్నది ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్పే. 2021 ఫిబ్రవరి నుంచి టోల్ దగ్గర అది తప్పనిసరి అయింది కాబట్టి అందరికీ తెలిసింది. మా గోదాములో ప్రతి కుర్తాకు, ప్రతి చొక్కాకు అలాంటిదే ఒక చిన్న లేబుల్ కడతాం. పైకి మామూలు ధర చీటీలాగే ఉంటుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే లోపల మెలికలు తిరిగిన సన్నటి అల్యూమినియం గీత, నడుమ ఆవగింజకన్నా చిన్న చుక్క కనిపిస్తాయి. గీత యాంటెన్నా, చుక్క చిప్. బ్యాటరీ ఉండదు. రీడర్ నుంచి వచ్చే తరంగంతోనే దానికి ప్రాణం. మన దేశంలో ఈ రీడర్లకు ముందు నుంచీ ఇచ్చిన తరంగాలు 865 నుంచి 867 మెగాహెర్ట్‌జ్ మధ్యవి. చిప్ ఆ శక్తితో తన నంబర్ చెప్పి ఊరుకుంటుంది.

ప్రింటర్ ఒకేసారి రెండు పనులు చేస్తుంది. కాగితం మీద ధర, సైజు, బార్‌కోడ్ అచ్చు వేస్తుంది. అదే క్షణంలో చిప్‌లో నంబర్ రాస్తుంది. రాయడం కుదరకపోతే ఆ లేబుల్ మీద అడ్డంగా కొట్టివేత గుర్తు వేసి తర్వాతి దానికి పోతుంది. ఒక కుర్తా నంబర్ ఇంకో కుర్తాకు ఉండకూడదు. ఈ పని మొత్తానికి ఆధారం అదొక్కటే. అమెరికాలో వాల్‌మార్ట్ 2003లో తన పెద్ద సరఫరాదారులు వంద మందిని 2005 జనవరికల్లా పెట్టెలకు ఈ ట్యాగులు పెట్టమన్నప్పుడు ప్రపంచమంతా దీని గురించి మాట్లాడిందట. ట్రైనింగ్‌లో చెప్పారు. నంబర్ రెండుసార్లు పడితే ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఒక సోమవారం ఒకే రకం కుర్తాలకు 6,000 లేబుళ్లు తీయాలి. పొద్దున 1 నుంచి 2,400 దాకా తీశాను. ఫైల్ సేవ్ చేసి అన్నం తిన్నాను. మళ్లీ 2,401 నుంచి మొదలుపెట్టి 3,600 దాకా వచ్చాక వాన, ఆపై కరెంటు పోయింది. కంప్యూటర్‌కు ఉన్న యూపీఎస్ బ్యాటరీ అంతకుముందే చచ్చిపోయింది. గంటకు కరెంటు వచ్చింది. ఫైల్ తెరిచాను. అది చివరిసారి సేవ్ అయిన చోటు నుంచి, అంటే 2,401 నుంచే మళ్లీ మొదలుపెట్టింది. నేను చూడలేదు. రైలు టైమ్ అవుతోంది. మిగిలిన 2,400 తీసి, మొత్తం ఆరు వేలూ అయ్యాయని సంతకం పెట్టి వెళ్లిపోయాను. లేబుళ్లు ఆరు వేలే, వాటి మీద నంబర్లు మాత్రం 4,800. పన్నెండు వందల నంబర్లు రెండేసి కుర్తాలకు పడ్డాయి.

తర్వాతి పది రోజుల్లో ఆ కుర్తాలు వేరే బట్టలతో కలిసి, ఏ షాపు వాటా ఆ షాపు పెట్టెలోకి చేరాయి. పెట్టెలకు టేపు వేసేశారు.

మొదటి రోజు, గురువారం. లారీలు ఎక్కించే ముందు చేతి రీడర్‌తో స్టాక్ చూశారు. దాన్ని మేం గన్ అంటాం. పెట్టె విప్పక్కర్లేదు, వరసల మధ్య నడుస్తూ పోతే లెక్క అదే వస్తుంది. ఒక ట్యాగు వందసార్లు వినిపించినా గన్ దాన్ని ఒక్కటిగానే లెక్కేస్తుంది. అలా చేయకపోతే లెక్కే కుదరదు. కాబట్టి ఒకే నంబర్ రెండు కుర్తాల మీద ఉన్నా దానికి ఒక్కటే. స్క్రీన్ మీద 4,800 వచ్చింది. మళ్లీ తిప్పారు. మళ్లీ 4,800. ఎనిమిది లక్షల పైచిలుకు సరుకు లేదని తేలింది.

ఆ వారం రాత్రి డ్యూటీలో ఉన్న హమాలీలు ముగ్గురు. ఇద్దరు ఒడిశా పిల్లలు. మూడో ఆయన మా నాన్నకు వరసకు తమ్ముడు, నాకు కాక. ఘన్‌పూర్‌లో ఆయనా మా నాన్నా కలిసి బస్తాలు మోశారు. వడ్లు కొలిచేటప్పుడు మా నాన్న ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. లాభం, రెండు, మూడు. పక్కన సుద్దతో గీతలు గీసేది కాక. చదువు లేదు కానీ ఆయన గీత తప్పిందని నేనెప్పుడూ వినలేదు.

ఆ సాయంత్రం ముగ్గురి సంచులూ వెతికారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. దొంగతనం జరిగిందనే నేనూ నమ్మాను. ఒడిశా పిల్లల మీద నాకూ అనుమానం వచ్చింది. ఇది చెప్పడానికి సిగ్గేస్తోంది.

రెండో రోజు, శుక్రవారం. ముగ్గురి ఫోన్లూ తీసుకున్నారు. రోజంతా సెక్యూరిటీ గదిలో కూర్చోబెట్టి అడిగారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. మధ్యాహ్నం నీళ్ల డ్రమ్ము దగ్గర కాక కనపడి, "లెక్క తప్పిందేమో చూడరాదు బిడ్డా" అన్నాడు. మిషన్ లెక్క తప్పదు కాకా అన్నాను.

ఆ మాట రాత్రి దాకా బుర్రలో తిరిగింది. షిఫ్ట్ అయ్యాక ప్రింటర్ గదికి పోయాను. నా దగ్గర లేబుళ్లు కత్తిరించి కట్టలు కట్టే అమ్మాయి ఒకామె ఉంది. ప్రతిసారీ ప్రింటర్ మొదలైనప్పుడు మొదటి లేబుల్ నంబర్, ఆగినప్పుడు చివరి లేబుల్ నంబర్ ఒక నోట్‌బుక్‌లో రాసేది. ఎవరూ రాయమనలేదు. ఆ సోమవారం పేజీ తీశాను. అన్నం తర్వాత అని రాసి 2,401. కింద కరెంటు వచ్చాక అని రాసి మళ్లీ 2,401.

కాళ్లలో బలం పోయింది. కుర్చీలో కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. తర్వాత నేను చేసిన పని ఇది: నోట్‌బుక్ తీసి నా లాకర్‌లో పెట్టి తాళం వేశాను.

ఆ రాత్రి నా భయం ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెబుతాను. చెల్లి పెళ్లికి చేసిన అప్పు ఉంది. జీతం ఇరవై నాలుగు వేలు. ఎనిమిది లక్షలు నా జీతంలో కోస్తారనుకున్నాను. కావాలనే చేశాడంటే కేసు పెడతారనుకున్నాను. కాక ఏమవుతాడన్నది ఆ వరసలో చాలా వెనక వచ్చింది.

మూడో రోజు, శనివారం. సోమవారం దాకా సరుకు చూపించకపోతే పోలీసు ఫిర్యాదు ఇస్తామని ముగ్గురికీ చెప్పారు. సాయంత్రం ఘట్‌కేసర్ ప్లాట్‌ఫామ్ మీద కాక ఒక్కడే నిలబడి ఉన్నాడు. నేను వెనక బోగీ ఎక్కాను. ఘన్‌పూర్‌లో ఆయన దిగి వెళ్లిపోయేదాకా ఆగి తర్వాత దిగాను.

నాలుగో రోజు ఆదివారం. పొద్దున చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. "నువ్వే పెట్టించినవు బిడ్డా, నీ మాట వింటరు. ఆయన రెండు దినాల సంది అన్నం ముట్టలే" అంది. చూస్తా చిన్నమ్మా అన్నాను. ఆమె వెళ్లాక మంచంలో పడుకున్నాను. ఒళ్లు వేడిగా ఉందని మా ఆవిడతో అబద్ధం చెప్పాను.

రాత్రి మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "జ్వరం లేదు గదా" అంది. అప్పుడు అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "పొద్దున నువ్వు చెప్తవా, నన్నొచ్చి చెప్పుమంటవా?" అని అడిగింది. నేనే చెప్తానన్నాను. తెల్లారి స్టేషన్ దాకా నాతో వచ్చి, రైలు కదిలేదాకా నిలబడింది. ఆమె రాకపోతే నేను ఆ రైలు ఎక్కేవాణ్ణని నమ్మకంగా చెప్పలేను.

ఐదో రోజు, సోమవారం. నోట్‌బుక్ తీసుకుని మేనేజర్ గదికి పోయాను. గొంతు రాలేదు. పేజీ తెరిచి టేబుల్ మీద పెట్టాను. ఆయన మొదట నమ్మలేదు. హమాలీని కాపాడడానికి కథ అల్లుతున్నావన్నాడు. అందులో ఆయన తప్పు లేదు. మూడు రోజులు ఊరుకున్నవాడు నాలుగో రోజు చెబితే ఎవరు నమ్ముతారు? అయినా ఆ పూటకు ఫిర్యాదు ఆపి, ప్రింటర్ సర్వీస్ వాళ్లకు ఫోన్ చేయించాడు.

మధ్యాహ్నానికి ఒక కుర్రాడు వచ్చాడు. పాతికేళ్లు కూడా ఉండవు. నేను చెప్పింది మొత్తం విని, "చిప్‌లో ఇంకో నంబర్ ఉంటదన్నా, అది చూద్దాం" అన్నాడు. ఇన్నేళ్ల పనిలో నాకు ఆ సంగతి తెలియదు. మనం రాసే నంబర్‌ను ఈపీసీ అంటారు. 96 బిట్లు, తెరమీద 24 అక్షరాలుగా కనిపిస్తుంది. అది కాకుండా చిప్ తయారైన చోటే దాంట్లో పడే నంబర్ ఒకటి ఉంటుంది, దాన్ని టీఐడీ అంటారు. అది మనం మార్చలేం, మా ట్యాగుల్లో ఏ రెంటికీ అది ఒకటి కాదు. గన్ మామూలుగా ఈపీసీ మాత్రమే చదువుతుంది. ఆ కుర్రాడు సెట్టింగ్ మార్చి టీఐడీ కూడా చదివించాడు. మళ్లీ వరసల మధ్య నడిచాం. నా చేతులు వణుకుతుంటే గన్ అతనే పట్టుకున్నాడు.

ఈపీసీలు 4,800. టీఐడీలు 5,997. మిగతా మూడు కుర్తాల ట్యాగులు దెబ్బతిన్నాయి, పెట్టెలు విప్పితే చేతికి దొరికాయి. ఒక్క కుర్తా కూడా గోదాము దాటలేదు.

ఆ తర్వాత మూడు రోజులు పెట్టెలు విప్పాం. ఒకే నంబర్ ఉన్న ప్రతి జంటలో ఒక కుర్తా లేబుల్ కత్తిరించి కొత్తది కట్టాలి. పన్నెండు వందలు. ఆ అమ్మాయి, నేను, ఇంకో ఆరుగురు. కాక కూడా పెట్టెలు దించాడు. నేను వెళ్లి, తెలిసి కూడా మూడు రోజులు చెప్పలేదు కాకా అన్నాను. ఆయన ఒక పెట్టె దించి, ఇంకోటి దించి, "మీ నాయిన ఉంటే ఏమనేటోడో" అన్నాడు. అంతకుమించి ఇవాళ్టికీ ఏమీ అనలేదు.

నాకు పదిహేను రోజుల జీతం కోసి ఉద్యోగం ఉంచారు. ముగ్గురికీ కూర్చోబెట్టిన రోజుల కూలి ఇచ్చారు. ఒడిశా పిల్లలు ఇద్దరూ ఆ నెలాఖరుకు ఊరికి వెళ్లిపోయారు. వాళ్లకు నేను క్షమాపణ చెప్పలేదు. హిందీలో ఎలా చెప్పాలో వెతుక్కుంటూ ఉండగానే వెళ్లిపోయారు.

ఆ అమ్మాయి నోట్‌బుక్ రాయకపోతే నాకే తెలిసేది కాదు. నేను దాన్ని దాచానని ఆమెకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఆ సర్వీస్ కుర్రాడు వెళ్లేటప్పుడు, నంబర్ల లెక్క ప్రింటర్ పక్కన కంప్యూటర్‌లో కాకుండా ఆఫీసు సర్వర్‌లో ఉండేలా మార్చిపోయాడు. ఇప్పుడు కరెంటు పోయినా వాడిన నంబర్ మళ్లీ రాదు. యూపీఎస్ బ్యాటరీ మార్చారు. రోజు పని అయ్యాక పది లేబుళ్లు తీసి, టీఐడీ ఈపీసీ రెండూ చూసి సంతకం పెడతాను. కరెంటు పోయి వచ్చిన రోజు మాత్రం పది సరిపోవు, అన్నీ చూస్తాను. మబ్బు పట్టిందంటే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది.

కాక మళ్లీ ఘట్‌కేసర్ రాలేదు. ఊళ్లోనే వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర బస్తాలు ఎత్తుతున్నాడు.

గోదాముల్లో ఈ పని చేసేవాళ్లు మన వైపు నుంచి చాలామంది వెళ్తున్నారు. మీ స్క్రీన్ మీద సరుకు తక్కువ చూపిస్తే ఎవరి సంచీ విప్పకముందే టీఐడీ చదివించండి. లేబుల్ వేసినవాణ్ణి పిలిచి అడగండి. ఆ లేబుల్ వేసింది మీరే అయితే ఆ రోజే చెప్పేయండి.